తుమ్మలబావి అంబలి కేసు

2022 ఏప్రిల్ 26. మంగళవారం.

ఆ రోజు పొద్దున ఎస్సై డేవిడ్ తిన్నది మూడు మిరపకాయ బజ్జీలు. తాగింది అరకప్పు టీ. ఆ తేదీ, ఆ బజ్జీలు ఆయనకు ఇప్పటికీ గుర్తే. పదకొండు గంటలకు ఫోన్ మోగినప్పుడు ఛాతీ కింద మొదలైన మంట చీకటి పడేదాకా వదల్లేదు.

భార్య మెర్సీ ఉన్నన్నాళ్లు ఖాళీ కడుపున బజ్జీ ముట్టనిచ్చేది కాదు. ఆమె పోయి మూడేళ్లయింది.

ఫోన్ చేసింది హెడ్ కానిస్టేబుల్ అంజయ్య.

"సార్, తుమ్మలబావిల మనుషులు ఎక్కడోళ్లక్కడ కూలబడుతున్నరు. చలివేంద్రంల అంబలి తాగిన్రట. ఒకటే వాంతులు."

"ఎంతమంది?"

"పదిహేడు మంది."

"నువ్వు అక్కడనే ఉన్నవా?"

"పొద్దటి సంది బందోబస్తు ఇక్కడనే సార్."

"నువ్వు తాగినవా?"

"తాగిన సార్. రెండు గ్లాసులు. తొమ్మిదిన్నరకు."

"ఇప్పుడెట్ల ఉన్నది?"

"ఆకలైతాంది సార్."

డేవిడ్ జీపు ఎక్కాడు.

తుమ్మలబావి రామన్నపేట రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపల ఉంటుంది. జీపు చేరేసరికి 11.35. ఎండ కళ్లలో గుచ్చుతోంది. పంచాయతీ ఆఫీసు ముందు తాటాకు పందిరి. పందిరికి ఒక ఫ్లెక్సీ. అందులో ఊరి పెద్ద విజేందర్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. పందిరి కింద తడి ఇసుకలో ఆరు మట్టికుండలు. వాటికి తడిగుడ్డలు చుట్టి ఉన్నాయి.

కుండల పక్కన నేల మీద ఒకామె కూర్చుని ఉంది. చుట్టూ ముప్పై మంది నిలబడి అరుస్తున్నారు.

ఆమె నాగులమ్మ. వయసు యాభై దాటింది. ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఎండాకాలం చలివేంద్రానికి జొన్నంబలి కాచేది కూడా ఆమే. పదిహేను రోజులుగా కాస్తోంది.

ఫ్లెక్సీలో నవ్వుతున్న విజేందర్ ఇప్పుడు నవ్వడం లేదు. ఈ చలివేంద్రం పెట్టించింది ఆయనే.

"సార్, గీమెనే! పురుగుల మందు కలిపింది. మా బాపును నల్లగొండ దవాఖానకు తీస్కపోయిన్రు. కండ్లు తెరుస్తలేడు. జీపెక్కియ్యుండ్రి సార్ ముందు!"

"ఆమెకు మీ బాపు మీద కోపం ఎందుకు?"

"పోయిన వారం నలుగుర్ల తిట్టిండు. అది మనసుల పెట్టుకుంది."

"ఎందుకు తిట్టిండు?"

"అదే... గరిటె ముచ్చట." విజేందర్ ఆగాడు. "ఏదో చిన్న ముచ్చట సార్. యాదికి లేదు."

డేవిడ్ నోట్‌బుక్‌లో ఒక్క మాట రాసుకున్నాడు. గరిటె.

నాగులమ్మ లేచి నిలబడింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నా కుండలల్ల ఏం లేదు సార్. ఇంకా నాలుగు నిండుగనే ఉన్నయి. మీ ముంగట్నే తాగుత."

ఎవరూ ఆపేలోగా నాలుగు కుండల్లోంచి నాలుగు సార్లు ముంచుకుని తాగింది. డేవిడ్ వాచీ చూసుకున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆమెకు ఏమీ కాలేదు. ఒకసారి తేన్పు వచ్చిందంతే.

"నాటకం!" అన్నాడు విజేందర్. "రెండు కుండలు ఖాళీ అయినయి గద. మందు వాటిల కలిపింది."

ఆ మాటను కొట్టిపారేయలేం. డేవిడ్ ఆరు కుండల్లోంచి శాంపిల్స్ తీయించి సీల్ వేయించాడు. ల్యాబ్ రిపోర్టు రావడానికి వారం పడుతుంది. సీఐకి అంత ఓపిక లేదు. ఫోన్లో ఒకే మాట అన్నాడు.

"సాయంత్రం ఆరు దాకా టైమ్. వేరే ఏం దొరకకపోతే విషం పెట్టిందని సెక్షన్ 328 కింద ఎఫ్.ఐ.ఆర్. ఆమెను అరెస్ట్ చూపియ్యి. ఊరు ఊరంతా కంప్లయింట్ ఇస్తాంది డేవిడ్."

ఊరు ఊరంతా కాదు. అంజయ్య ఇవ్వలేదు. ఆయనకు ఆకలవుతోంది.

12.20. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.

పదిహేను మంది మంచాల మీద, బెంచీల మీద పడుకుని ఉన్నారు. ఇద్దరిని నల్లగొండ పంపారు. ఒక నర్సు తన కుర్చీ దగ్గరి టేబుల్ ఫ్యాన్‌ను తీసుకెళ్లి ఒక ముసలామె వైపు తిప్పి పెట్టింది. ఎవరూ అడగలేదు. డేవిడ్ చూశాడు. ఆ గదిలో కొంచెం హాయిగా అనిపించినది అదొక్కటే.

డాక్టర్ సుచరిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పురుగుల మందా మేడమ్?"

"నాకు నమ్మకం లేదు. మందు తాగినవాళ్లకు కంటిపాప సూదిమొనలా చిన్నగవుతుంది. నోట్లో నురగ, చొంగ వస్తాయి. వాసన వస్తుంది. వీళ్లకు ఒక్కటీ లేదు."

"పాడైపోయిన తిండి?"

"అదైతే గంటలు పడుతుంది. వీళ్లకు తాగిన పావుగంటకే వాంతులు. పదిన్నరకు తాగారు, పదిన్నర దాటి పదిహేను నిమిషాలకు మొదలు. కడుపు ఆ పదార్థాన్ని ఉంచుకోలేక వెంటనే బయటికి తోసేసింది. నిజానికి అదే వీళ్లను కాపాడింది. ఇంకొకటి సార్. వాంతి రంగు."

"ఏం రంగు?"

"ఆకుపచ్చగా. కొంచెం నీలం కలిసిన పచ్చ. పసరు అలా ఉండదు." ఆమె గొంతు తగ్గించింది. "విజేందర్ వాళ్ల నాన్న పరిస్థితి బాగాలేదు. మంగళవారం ఒక్కపొద్దు అట. ఖాళీ కడుపున మూడు గ్లాసులు తాగాడు. మూత్రం ఆగిపోయింది. నల్లగొండ డాక్టర్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏం తాగాడో తెలిస్తే దానికి తగిన మందు పెడతాం అంటున్నారు. రాత్రి దాకా ఆగితే కిడ్నీలు దక్కవు."

డేవిడ్ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె చూసింది.

"మీకేమైంది?"

"బజ్జీలు."

"ఈ వయసులో, ఈ ఎండలో, ఖాళీ కడుపున బజ్జీలా? గుండెనొప్పి వచ్చినా గ్యాసే అనుకుంటారు మీరంతా." ఆమె గద్దిస్తూనే ఈసీజీ తీయించింది. తేడా ఏమీ లేదు. ఒక గ్లాసు చల్లని మజ్జిగ ఇప్పించి పంపింది.

డేవిడ్ ప్రతి మంచం దగ్గరా ఆగాడు. ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు అడిగాడు. ఇల్లు ఎక్కడ? ఏ గ్లాసులో తాగారు?

మొదటి ప్రశ్నకు పదిహేను మందీ ఒకే జవాబు ఇచ్చారు. పెద్దబజారు. పటేళ్ల ఇళ్లన్నీ అక్కడే.

రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు.

ఫ్యాన్ గాలి తగులుతున్న ముసలామె మాత్రం పెదవులు చప్పరించింది.

"నోట్లె రాగి పైసబిళ్ల పెట్టుకున్నట్టున్నది బిడ్డా. ఎన్ని నీళ్లు తాగినా పోతలేదు."

"ఏ గ్లాసుల తాగినవు అవ్వా?"

"మనకు పోసే గ్లాసు..."

పక్కన నిలబడ్డ ఆమె కొడుకు అడ్డు వచ్చాడు. "గ్లాసుదేమున్నది సార్? అందరు తాగిన గ్లాసే."

ముసలామె గోడ వైపు తిరిగి పడుకుంది.

2.10. మళ్లీ పందిరి.

ముందు భాగంలో చెత్తబుట్ట నిండా పేపర్ గ్లాసులు. అంబలి ఆరి అట్ట కట్టాయి. పందిరి వెనక ఒక ఆకుపచ్చ నెట్ గుడ్డ కట్టి ఉంది. దాని వెనకకు పొద్దటి నుంచి ఏ పోలీసూ వెళ్లలేదు.

డేవిడ్ గుడ్డ ఎత్తాడు.

సిమెంటు గచ్చు. బుట్టలో బోర్లించిన పన్నెండు స్టీలు గ్లాసులు. కడిగి ఉన్నాయి. గచ్చు మీద ఇనుప ముక్కాలి పీట కాళ్ల గుర్తులు మూడు. వాటి నడుమ అంబలి చుక్కలు ఎండి ఉన్నాయి. చుక్కల అంచులు ఆకుపచ్చగా మారాయి.

ముందున్నవి మట్టికుండలు. అవి ఇసుకలో ఉంటాయి. వాటికి ముక్కాలి పీట అక్కర్లేదు.

"అంజయ్యా, నీకు దేంట్ల పోసిన్రు?"

"పేపర్ గ్లాసుల సార్."

"ఈ స్టీలు గ్లాసులు ఎవరికి?"

అంజయ్య బూటు వైపు చూసుకున్నాడు. "నేను ఇటుదిక్కు రాలే సార్. నన్ను ఎవ్వరు పిలువలే."

డేవిడ్ మరి అడగలేదు. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊరి హోటల్ చూరుకు రెండు గ్లాసులు వేలాడేవి. నాయినతో వెళ్లినప్పుడు వాటిలోనే చాయ్ పోసేవారు. తాగి, కడిగి, మళ్లీ చూరుకు తగిలించి రావాలి. అప్పుడు అవి గాజు గ్లాసులు. ఇప్పుడు పేపర్‌వి. కడిగే పని తప్పింది.

నాగులమ్మను పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టారు. కుర్చీ వేసినా ఆమె నేల మీదే కూర్చుంది.

"నాగులమ్మా, గుడ్డ వెనక ఏం పాత్ర ఉండె?"

"నాకు తెల్వది సార్."

"నీకు తెలుసు."

"తెలిస్తే ఏం జేస్త? మీరు పొద్దుగూకంగ జీపెక్కి పోతరు. నేను పొద్దుగాల గీ ఊళ్లెనే లేవాలె. ఆ మాట నా నోట్లెకెళ్లి వస్తె, కేసు పెట్టింది నాగులమ్మే అంటరు. బడిల వంట పోతది. ఇంకొకరు ఎవరైనా చెప్పనియ్యుండ్రి."

"ఆరు గంటలకు నిన్ను అరెస్ట్ చెయ్యాల్సి వస్తది అమ్మా."

ఆమె చేతులు ఒడిలో ముడుచుకుంది. నోరు విప్పలేదు.

3.00. బస్టాండు పక్కన యాకూబ్ దుకాణం. మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు రిపేరు చేస్తాడు. వాళ్ల నాన్న ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత, అంటే కళాయి, పెట్టేవాడు. రంజాన్ నెల. యాకూబ్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా డేవిడ్ కూర్చోగానే కుండలోంచి చల్లని నీళ్లు ముంచి ఇచ్చాడు.

"నువ్వు ఉపవాసం ఉన్నవు గద భాయ్."

"ఉపవాసం నాకు సాబ్. మీకు కాదు. తాగుండ్రి."

"ఈ ఊళ్లె ముక్కాలి పీట మీద పెట్టేటంత పెద్ద ఇత్తడి గంగాళం ఎవరింట్ల ఉన్నది?"

యాకూబ్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది.

"నాలుగిండ్లల్ల ఉండె. మూడు అమ్ముకున్నరు. ఇగ విజేందర్ సాబ్ ఇంట్ల ఒక్కటే మిగిలింది. అటక మీద ఉంటది."

"దానికి కళాయి ఎప్పుడు పెట్టిన్రు?"

"మా అబ్బా పెట్టిండు. అబ్బా పోయి పద్దెనిమిదేండ్లు."

"కళాయి లేని ఇత్తడిల అంబలి పోస్తే?"

"పులుపా సాబ్?"

"పులుపే. అంబలిల పుల్లని మజ్జిగ కలుపుతరు గద."

"తౌబా!" యాకూబ్ రెండు చెంపలూ తట్టుకున్నాడు. "ఒక్కపూటకే చిలుము దిగుతది. మంచినీళ్లు పోస్తె ఏం గాదు. పులుపు పోస్తె ఆ గిన్నెనే తాగినట్టు. అందుకే గద సాబ్ మా అబ్బాను సాలుకోసారి పిలిచేటోళ్లు. గీ కాలపోళ్లకు అది యాడ యాదికున్నది?"

డేవిడ్ లేచాడు. "జర నాతో రా భాయ్."

4.15. పంచాయతీ ఆఫీసు.

గదిలో ఆరుగురు. డేవిడ్, అంజయ్య, యాకూబ్, నాగులమ్మ, విజేందర్, ఆయన భార్య కోమల. కోమల చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పొద్దటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

డేవిడ్ కూర్చోలేదు. కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"ఈ రోజు రెండు వందల మంది అంబలి తాగిన్రు. బస్సుల వచ్చినోళ్లు, ఉపాధి పనికి పోయినోళ్లు, మా అంజయ్య. పదిహేడు మందికే వాంతులు. ఆ పదిహేడు మందీ ఒక్క బజారోళ్లే. పురుగుల మందు బజారు చూసి పని చెయ్యదు విజేందర్ గారూ."

"ఆ కుండల మా వాళ్లే తాగిన్రేమో సార్."

"మీ వాళ్లు ఆ కుండలు ముట్టరు. మీ వాళ్లకు గుడ్డ వెనక వేరే పాత్ర. స్టీలు గ్లాసులు. అందరికీ తెలుసు. పొద్దటి సంది ఒక్కరు చెప్పలేదు. చెప్తే అట్రాసిటీ కేసు అయితదని భయం."

"అబద్ధం!" విజేందర్ కుర్చీ తోసి లేచాడు. "గిట్ల మీద మీద మాట్లాడితే బాగుండదు సార్. మీరు ఎవలో, గిట్లెందుకు అంటున్నరో నాకు తెల్వదా?"

అంజయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. డేవిడ్ చెయ్యెత్తి ఆపాడు.

"నేను ఎవలో పక్కకు పెట్టు. మీరు ఇయ్యాల అంబలి తాగలేదు. మీరు గాక మీ ఇంట్ల అయిదుగురు. నలుగురికి వాంతులు." ఆయన కోమల వైపు తిరిగాడు. "మీకు కాలేదు. మీరు తాగలేదా అమ్మా?"

కోమల చెంగు ఇంకా గట్టిగా నోటికి నొక్కుకుంది.

"ఆమె తాగలే," అన్నాడు విజేందర్.

"ఆమెను అడిగిన."

4.22.

డేవిడ్ ఫోన్ తీసి డాక్టర్ సుచరితకు కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

"మేడమ్, విజేందర్ గారి బాపుకు ఎట్లున్నది?"

"ఇంకా మూత్రం రాలేదు సార్. నల్లగొండ నుంచి ఇప్పుడే మళ్లీ అడిగారు. ఏం తాగాడో తెలిసిందా?"

డేవిడ్ ఫోన్‌ను బల్ల మీద పెట్టి, విజేందర్ వైపు జరిపాడు. ఫోన్లో "హలో? హలో?" వినిపిస్తూనే ఉంది. విజేందర్ దాన్ని పామును చూసినట్టు చూశాడు. ముట్టుకోలేదు.

"ఇత్తడి గంగాళంల తాగిండు!"

అరిచింది కోమల.

"నేనే కాసిన మేడమ్. నేనే పోసిన. రాత్రంత అందులనే ఉన్నది. పుల్ల మజ్జిగ, పన్నెండు నిమ్మకాయలు పిండిన. తెల్లారేసరికి చల్లగుంటదని..." మాట తెగింది. "మామ పానం నేను తీసినట్టయితదని చెప్పలే. ఈయన నన్ను చెప్పనియ్యలే."

"కోమలా!"

"ఏంది? ఇంకా దాస్తవా? మీ బాపు అక్కడ పోతాంటే నువ్విక్కడ ఇజ్జతు పట్టుకొని కూసుంటవా?"

ఫోన్లో డాక్టర్ గొంతు గబగబా పలికింది. "కళాయి లేని ఇత్తడా? రాగి, జింకు. అందుకే ఆ రంగు. ఇప్పుడే నల్లగొండకు చెప్తాను." లైన్ కట్ అయింది.

కోమల గోడకు ఆనుకుని కూలబడింది. నాగులమ్మ లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టింది. కోమల రెండు చేతులతో ఎత్తుకుని తాగింది.

"ఇన్ని దినాలు ఏం కాలేదు గద," డేవిడ్ మెల్లగా అడిగాడు. "ఇయ్యాలనే ఎందుకయింది?"

"ఇన్ని దినాలు స్టీలు డ్రమ్ముల కాసిన సార్. పోయిన వారం మా డ్రమ్ముల అంబలి ఒడిసింది. మనుషులు నిలబడ్డరు. నాగులమ్మ పాపం చూసి, తన కుండలకెళ్లి గరిటెతోని ముంచి మా డ్రమ్ముల పోసింది. మామ చూసిండు. నలుగుర్ల తిట్టిండు. ఆ డ్రమ్ము ఇగ మైల అన్నడు. బయట పారేపిచ్చిండు. కొన్ని దినాలు అడుక్కొచ్చిన డ్రమ్ముతోని నడిపిన, నిన్న అటక మీది గంగాళం దించమన్నడు."

"మీరు తోమిన్రు."

"చింతపండు, ఇసుక పెట్టి. లోపల బయట తళతళ మెరిసేటట్టు. రెండు గంటలు తోమిన సార్." ఆమె తన అరచేతులు చూసుకుంది. "లోపల తెల్లగ ఏదో పొరలాగ కొంచెం మిగిలి ఉండె. మురికి అనుకొని అది గూడ గీకిన."

యాకూబ్ కళ్లు మూసుకున్నాడు. "అదే బిడ్డా కళాయి. అబ్బా చేతిది. అదొక్కటే మిగిలింది."

"మరి మీకెందుకు కాలేదు?"

కోమల తల వంచుకుంది.

"నాకు అల్సర్ సార్. పులుపు పడదు. నాగులమ్మ అంబలి కమ్మగుంటది, కడుపుల చల్లగ పడతది. రోజు పొద్దుగాల ఎవరు రాకముందు వచ్చి, ఆమె కుండలకెళ్లే తాగుత. నాగులమ్మకు తెలుసు. ఎవ్వరికి చెప్పలే."

నాగులమ్మ కిటికీ బయటికి చూస్తోంది.

గంగాళం విజేందర్ పశువుల కొట్టంలో, గడ్డి కింద దొరికింది. బయట బంగారంలా ఉంది. లోపల అంబలి నిలిచిన మేర ఆకుపచ్చ గీత. యాకూబ్ బొటనవేలితో రుద్ది డేవిడ్‌కు చూపించాడు. అంజయ్య పంచనామా రాశాడు. 5.40కి డేవిడ్ సీఐకి ఫోన్ చేశాడు. నాగులమ్మ పేరు కంప్లయింట్ నుంచి పోయింది.

అయినా ఆయన స్టేషన్‌కు వెళ్లలేకపోయాడు. పంచాయతీ అరుగు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. అజాన్ వినిపించింది. యాకూబ్ ఖర్జూరాలు తెచ్చి, తను ఒకటి నోట్లో వేసుకుని, అంజయ్యకు రెండు ఇచ్చాడు. పొద్దటి ఆకలి అంజయ్యకు అప్పుడు తీరింది.

7.25కి ఫోన్ మోగింది. డాక్టర్ సుచరిత.

"మూత్రం వచ్చింది సార్. కొంచెమే. కానీ వచ్చింది. బతుకుతాడు."

మూత్రం వచ్చిందన్న మాట విని జీవితంలో ఇంత సంతోషపడతానని డేవిడ్ ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన నాగులమ్మను జీపులో ఇంటి దగ్గర దింపాడు. "రేపు పది గంటలకు వస్త అమ్మా. పాత్రల ముచ్చట, గరిటె ముచ్చట, నీ స్టేట్‌మెంట్ రాసుకోవాలె. చెప్పాల్నా వద్దా అన్నది నీ ఇష్టం. నేను బలవంతం పెట్ట."

ఆమె తల ఊపింది.

గుమ్మం పక్కన చీకట్లో ఎవరో నిలబడి ఉన్నారు. విజేందర్. ఫ్లెక్సీలో ఉన్నట్టే చేతులు జోడించి ఉన్నాడు. డేవిడ్ జీపు దగ్గరే ఆగాడు.

"నాగులమ్మా, జర ఆలోచించు," అన్నాడు విజేందర్. "రేపు సార్ వస్తడు. గ్లాసుల ముచ్చట ఎందుకు మనకు? ఏదో పొరపాటయిందని చెప్పు. బడిల వంట నీదే. నేను మాటిస్తున్న."

"బాపుకు ఎట్లున్నది పటేలా?"

"పానం కుదురుకున్నది."

"మంచిది. నాలుగు దినాలు పలుచని గంజే తాపుండ్రి. ఉప్పు జరంత. పులుపు ముట్టనియ్యకుండ్రి."

"సరే. మరి నేను అడిగినదానికి..."

నాగులమ్మ గుమ్మం ఎక్కి వెనక్కి తిరిగింది.

"పొద్దటి సంది అందరు నోరు మూసుకున్నరు. నేను సుత మూసుకున్న. కోమలమ్మ ఒక్కతె నోరు తెరిచింది, మీ బాపు పానం నిలబడ్డది. నేను సుత రేపు ఉన్నదే చెప్త పటేలా."

విజేందర్ జోడించిన చేతులు దించాడు.

"పొద్దు పోయింది. పోయి పండుకోండ్రి," అంది ఆమె.

లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టింది.